చేతితో చుట్టినంత మాత్రాన విషం పథ్యమగునా?



మా కందుకూరు పేరు చెప్పగానే చాలామంది కోస్తా ఆంధ్రలోని పొగాకు వేలం కేంద్రమైన కందుకూరును తలచుకుంటారు. మాది ఆ ఊరు కాదు. హైదరాబాదు నుండి శ్రీశైలం పోయే దారిలో, రంగారెడ్డి జిల్లాలో ఉన్న కందుకూరు. ఇక్కడ పొగాకు కాల్చే బ్యారన్లు లేవు, వేలం పాటలు లేవు. అయినప్పటికీ నలభై ఏండ్లకు పైబడిన నా వైద్యవృత్తిలో పొగ వలన చెడిన ఒక శరీరమైనా నా గడప తొక్కని వారం లేదు.

నిరుడు వర్షాకాలంలో ఒకే వారంలో ఇద్దరు రోగులు వచ్చారు. మొదటివాడు ముప్పై ఏండ్ల యువకుడు. కంప్యూటరు కంపెనీలో పెద్ద ఉద్యోగం. చాలా కాలంగా నోటిపూత తగ్గడం లేదని వచ్చాడు. నాలుక, చిగుళ్ళు చూసి, "పొగ అలవాటున్నదా నాయనా?" అని అడిగాను.

"సిగరెట్టు ముట్టనండి డాక్టరు గారూ. వారానికి మూడు నాలుగు సిగార్లు, అంతే. అవి చేత్తో చుట్టినవి. కాగితం ఉండదు, కెమికల్స్ ఉండవు. పొగ లోపలికి పీల్చం కూడా. అమెరికాలో కోర్టు కూడా వీటిని ప్రభుత్వ నియంత్రణ నుంచి తప్పించింది. అయినా చరకుడే ధూమపానం గురించి వ్రాశాడు కదండీ!"

రెండవ వ్యక్తి శ్రీకాకుళం ప్రాంతం నుండి ఇక్కడి కట్టడాల పనికి కొడుకుతో వచ్చిన వృద్ధురాలు. కారం తగిలితే అంగిలి మండుతున్నదని వచ్చింది. నోరు తెరిపించి చూస్తే అంగిలి అంతా తెల్లబడి, మధ్య మధ్య ఎర్రని చుక్కలు. ఒకచోట గట్టిపడిన పుండు. అడగకుండానే అర్థమైంది. ఆమెది అడ్డపొగ. అనగా చుట్ట నిప్పున్న కొసను నోటిలోపల ఉంచుకొని కాల్చే అలవాటు.

"సిన్నప్పటి నుంచీ ఇదే అలవాటు బాబూ. పొగ లోపలికి మింగను గదా, ఏటవుద్ది?" అన్నది.

ఒకరు వేల రూపాయలు పెట్టి సీమ సరుకు కాల్చేవారు. ఒకరు కొద్దిపాటి చిల్లరతో నాటు చుట్ట కాల్చేవారు. ఇద్దరి నోటా ఒకే వాదన! ఆ వాదన మంచిచెడ్డలను శాస్త్రదృష్టితో విచారించడమే ఈ వ్యాసం ఉద్దేశం.

సిగారు వర్తకుల వాదన

మన తెలుగువారిలో పొగాకు తరఫున వకాల్తా పుచ్చుకున్న ప్రసిద్ధుడు గురజాడవారి గిరీశం. "కన్యాశుల్కము"లో చుట్టను ఆకాశానికెత్తినవాడు అతడే. గురజాడవారు ఆ పొగడ్తను ఎవరి నోట పలికించారో గమనిస్తే దాని విలువ ఎంతో తెలుస్తుంది. మాటకారితనంతో చెడు అలవాటుకు శిష్యుని దగ్గర గౌరవం సంపాదించిపెట్టడం గిరీశం విద్య. ఇప్పుడు ఆ విద్యను న్యాయవాదులు, వర్తక సంఘాలు అభ్యసిస్తున్నాయి.

అమెరికాలో 2009లో పొగాకు నియంత్రణ చట్టం వచ్చి, ఆహార ఔషధ సంస్థకు సిగరెట్ల మీద అధికారం లభించింది. 2016లో ఆ సంస్థ తన అధికారాన్ని సిగార్ల మీదికి కూడా విస్తరింపజేసింది. ఖరీదైన సిగార్ల వర్తక సంఘాలు న్యాయస్థానానికి వెళ్ళాయి. 2023 ఆగస్టులో వాషింగ్టన్ లోని ఫెడరల్ న్యాయస్థానం, ఖరీదైన సిగార్ల మట్టుకు ఆ నియమాన్ని కొట్టివేసింది.

ఈ తీర్పును మా యువకుడు అర్థం చేసుకున్న తీరులోనే పొరపాటున్నది. సిగారు హానికరం కాదని న్యాయమూర్తి చెప్పలేదు. వాడకం తీరును గురించి వర్తకులు ముందుంచిన ఆధారాలను ఆ సంస్థ సరిగా పరిశీలించకుండా నియమం చేసిందని మాత్రమే చెప్పారు. అది విధానంలోని లోపానికి సంబంధించిన తీర్పు గాని, పొగకు ఇచ్చిన యోగ్యతాపత్రం కాదు. అయితే వర్తకుని నోట పడిన తీర్పు సముద్రాలు దాటి కందుకూరు వచ్చేసరికి "సిగారుకు దోషం లేదు" అని మారిపోయింది.

ఏది ఖరీదైన సిగారు అనేదానికి ఆ న్యాయస్థానం కొన్ని లక్షణాలు చెప్పింది. పై చుట్టు పూర్తి పొగాకు ఆకు కావలెను. చేతితో చుట్టవలెను. ఫిల్టరు ఉండరాదు. పొగాకు రుచి తప్ప వేరు రుచి కలపరాదు. వెయ్యి సిగార్ల బరువు 6 పౌండ్లకు మించవలెను. ఇవి చదువుతున్నప్పుడు నాకు నవ్వు వచ్చింది. గోదావరి లంకలలో పండిన ఆకుతో మన అవ్వలు, తాతలు ఇంటి అరుగుమీద కూర్చుండి చుట్టుకున్న చుట్టకు ఇందులో ఏ లక్షణం తక్కువ? ఆకు పూర్తిది, చుట్టినది చేతితో, ఫిల్టరు లేదు, పరిమళం లేదు. కాబట్టి చేతితో చుట్టిన ఆకు మేలా కీడా అని తెలుసుకోవడానికి మనం అమెరికా దాకా పోనక్కరలేదు. తరతరాలుగా తెలుగువారి నోళ్ళే సాక్ష్యం చెబుతున్నాయి.

చరకుడు చెప్పిన ధూమం ఏది?

"చరకుడే వ్రాశాడు" అన్న మాట నన్ను అన్నిటికంటె ఎక్కువ బాధించింది. గురువుగారి పాదాల దగ్గర కూర్చుండి సూత్రస్థానాన్ని కంఠస్థం చేసినవాడిని. ఆ శాస్త్రం పేరు చెప్పి పొగాకును అమ్ముతుంటే ఊరకుండలేను.

నిజమే, చరకసంహిత సూత్రస్థానం ఐదవ అధ్యాయంలో ధూమపానం ఉన్నది. చూడడానికి సిగారును పోలిన ధూమవర్తి కూడా అందులో ఉన్నది. ఎనిమిది అంగుళాల పొడవు, బొటనవ్రేలంత లావు, యవధాన్యం వలె మధ్యలో ఉబ్బిన ఆకారం. ఇంతవరకు మాత్రమే చదివినవారు "ఇదిగో మన ప్రాచీనుల సిగారు" అంటారు. తరువాతి శ్లోకాలు కూడా చదవాలి.

ఆ వర్తిలో ఏమున్నది? చందనం, ఏలకులు, లవంగపట్ట, వట్టివేరు, అతిమధురం, జటామాంసి, గుగ్గులు, అగరు, మర్రి, మేడి, రావి పట్టలు మొదలైనవి. వీటిని నూరి రెల్లుపుల్ల మీద పూసి, ఆరిన తరువాత పుల్లను తీసివేసి, నేయి రాసి వెలిగించాలి. పొగాకు ప్రసక్తి లేదు, ఉండడానికి వీలు కూడా లేదు. పొగాకు అమెరికా ఖండపు మొక్క. కొలంబసు ప్రయాణం 1492లో. ఆ తరువాత పోర్చుగీసువారి ఓడలలో అది మన రేవులకు చేరింది. అక్బరు పాదుషాకు పొగాకును చూపించిన అసద్ బేగ్ దానిని మన దక్కనులోని బీజాపూరు నుండి తీసుకొనిపోయినాడు. అక్బరు కుమారుడు జహంగీరు 1617లో పొగ త్రాగడాన్ని నిషేధించినాడు. చరకుడు ఎరుగని ఆకును చరకుని నెత్తిన రుద్దడం ఏమి న్యాయం?

ఇక విధానం చూడండి. వర్తిని నేరుగా నోట పెట్టుకోరాదు. దానికి ధూమనేత్రమనే గొట్టం ఉండాలి. ప్రాయోగిక ధూమానికి 36 అంగుళాలు, స్నైహికానికి 32, వైరేచనికానికి 24 అంగుళాల పొడవు. గొట్టానికి మూడు కణుపులు. ఎందుకీ ఏర్పాటు? దూరం నుండి, కణుపుల మధ్య ఆగుతూ, పలుచబడి వచ్చిన పొగ ఇంద్రియాలను బాధించదని కారణం కూడా శాస్త్రమే చెప్పింది. నోటితో పీల్చినా, ముక్కుతో పీల్చినా నోటితోనే విడవాలని, ముక్కుతో విడిస్తే కన్నులకు హాని అని హెచ్చరించింది. ప్రాయోగిక ధూమం రోజుకు రెండు వేళలకు మించరాదన్నది. వేళ తప్పినా, మోతాదు మించినా చెవుడు, గ్రుడ్డితనం, మూగతనం, రక్తపిత్తం, తలతిప్పు వస్తాయన్నది. గర్భిణులు, అలసినవారు, శోకంలో ఉన్నవారు, మద్యం త్రాగినవారు, ఇంకా ఎందరెందరో ధూమానికి అనర్హులన్నది.

అష్టాంగహృదయంలో వాగ్భటాచార్యులు ఇంకొక మాట అన్నారు. పదునెనిమిది ఏండ్లు నిండనివారికి ధూమం పనికిరాదు. మన దేశంలో 2003 నాటి పొగాకు చట్టం కూడా పదునెనిమిది ఏండ్ల లోపువారికి పొగాకు అమ్మరాదని శాసించింది. మందుపొగకే ఆచార్యులు విధించిన హద్దు ఇది. విషపు పొగకు అంతకంటె సడలింపు అడగడానికి ఎవరికైనా నోరెట్లా వస్తుంది?

కాబట్టి ఆయుర్వేదంలోని ధూమపానం చికిత్స. దానికి రోగం, కాలం, మాత్ర, విడుపు ఉన్నాయి. సాయంకాలం మిత్రులతో కూర్చుండి వినోదానికి కాల్చేదానికి ఇవేవీ లేవు. నా స్వానుభవంలో, ఊపిరితిత్తుల బలం తగ్గిన ఈ కాలపు రోగులకు శాస్త్రోక్త ధూమాన్ని కూడా నేను చాలా అరుదుగా తప్ప చెప్పడం లేదు. ఏ ఆకు కాలినా మసి, బొగ్గుపులుసు వాయువు, అంతకంటె చెడ్డదైన కార్బన్ మోనాక్సైడు తప్పవు. "ఆయుర్వేద సిగరెట్టు" అని పేరు పెట్టి అమ్మేవారు కూడా ఈ మాట గుర్తుంచుకోవాలి.

"పొగ మింగము" అన్న వాదన

ఇది వినడానికి సబబుగా తోస్తుంది. సిగరెట్టు పొగ సాధారణంగా ఆమ్లగుణం కలది. దానిలోని నికోటిన్ నోటిలో తేలికగా ఇంకదు. ఊపిరితిత్తులలోకి పీల్చినప్పుడే అది వేగంగా రక్తంలో కలుస్తుంది. సిగారు, చుట్టలకు వాడే ఆకు గాలికి ఆరబెట్టి మాగబెట్టినది. ఆ పొగ క్షారగుణం కలది. అందులోని నికోటిన్ చెంపలలో, నాలుక క్రింద ఉన్న పలుచని పొర గుండా నేరుగా ఇంకిపోతుంది. పొగ మింగనక్కరలేదు. నోట నిలిపితే చాలు. సిగారు త్రాగేవారు పొగ పీల్చకపోవడం వారి నిగ్రహం కాదు. అవసరం లేకపోవడం. పైగా ఒక పెద్ద సిగారులో ఒక సిగరెట్టు పెట్టెలో ఉన్నంత పొగాకు ఉండవచ్చు.

మాగబెట్టినప్పుడు ఆకులో నైట్రోసమైన్లనే క్యాన్సరు కారక పదార్థాలు పెరుగుతాయి. "రసాయనాలు కలపలేదు" అన్నది నిజమే కావచ్చు. కలపనక్కరలేకుండా ఆకులోనే అవి పుట్టుకొస్తాయి. జిల్లేడు పాలలో, ఉమ్మెత్త గింజలో ఎవరు ఏమి కలిపారు? ప్రకృతిసిద్ధమైనదంతా పథ్యమని ఆయుర్వేదం ఎన్నడూ చెప్పలేదు. స్థావర విషాలకు సుశ్రుతుడు కల్పస్థానంలో ఒక అధ్యాయమే కేటాయించినాడు.

పొగ మింగనివారికి ఏమవుతుందో ప్రపంచానికి చూపినది మన శ్రీకాకుళం స్త్రీలే. డెన్మార్కుకు చెందిన పిండ్‌బోర్గ్, బొంబాయి టాటా పరిశోధన సంస్థకు చెందిన మెహతా, గుప్తా ప్రభృతులు ఆంధ్రదేశపు గ్రామాలలో 10,169 మంది నోళ్ళు పరీక్షించి, అడ్డపొగ వలన అంగిలికి వచ్చే మార్పులను గురించి 1971లో ప్రకటించారు. ఇతర ప్రాంతాలలో అరుదైన అంగిలి క్యాన్సరు అక్కడ ఎందుకు కనబడుతున్నదో దానితో తేటతెల్లమైంది. నిప్పు నోటిలోనే ఉండడం వలన వేడి కూడా తోడవుతుంది, నిజమే. అందువలన సిగారు వానికి అదే స్థాయిలో అంగిలి చెడుతుందని నేననను. కాని "ఊపిరితిత్తులకు పోని పొగకు దోషం లేదు" అన్న వాదన ఆ తల్లుల నోళ్ళలో ఏనాడో బూడిదైపోయింది.

సిగారు మీద కూడా పరిశోధనలకు కొరత లేదు. అమెరికా జాతీయ క్యాన్సరు సంస్థ 1998లో ప్రకటించిన గ్రంథంలో నిత్యం సిగారు త్రాగేవారికి నోరు, స్వరపేటిక, అన్నవాహిక, ఊపిరితిత్తుల క్యాన్సర్లు వస్తాయని నిర్ధారించారు. 2022లో అక్కడి జాతీయ విజ్ఞాన అకాడమీలు ఖరీదైన సిగార్లను గురించే ప్రత్యేకంగా విచారించాయి. అరుదుగా త్రాగేవారికి హాని తక్కువ, తరచుదనం పెరిగేకొద్దీ హాని పెరుగుతుంది అన్నది వారి సారాంశం. ఇందులో వర్తకుల మాటకు కొంత బలమున్నదని నేను ఒప్పుకుంటాను. ఏడాదికి రెండుసార్లు త్రాగేవాడూ, రోజుకు పెట్టె త్రాగేవాడూ ఒకటి కాదు. కాని నికోటిన్ స్వభావమేమిటి? ఏడాదికి రెండుసార్లను నెలకు రెండుసార్లు, నెలకు రెండుసార్లను వారానికి నాలుగుసార్లు చేయడం. మా యువకుడు మొదట స్నేహితుని పెండ్లిలో ఒక్కటే కాల్చినాడట.

నా వలన జరిగిన తప్పు

ఇతరుల తప్పులు ఎంచుతున్నాను గనుక నా తప్పు కూడా చెప్పుకోవాలి. ఇన్నేండ్లుగా మనసులో ముల్లువలె ఉన్నది.

1988లో పక్క ఊరి రైతు ఒకాయన దగ్గుతో వచ్చినాడు. రోజుకు ఇరవై సిగరెట్లు. మానమంటే మానలేనన్నాడు. అప్పటికి నేను ముప్పై ఏండ్ల లోపువాడిని. విద్య కంటె ధీమా ఎక్కువ. "సిగరెట్టు కాగితం పొగ, అది మహా చెడ్డది. మానలేకపోతే చుట్టకు మారు. అది ఒట్టి ఆకు" అని చెప్పినాను. మందు వలననో, సిగరెట్లు తగ్గినందువలననో, దగ్గు నెమ్మదించింది. ఆయన సంతోషించి ఊరంతా చెప్పుకున్నాడు.

తొమ్మిదేండ్ల తరువాత మళ్ళీ వచ్చినాడు. ఎడమ చెంప లోపల పుండు. వ్రేలు పెడితే రాయి వలె గట్టిగా తగిలింది. సిగరెట్టుతో పొగ మింగడం మరిగినవాడు చుట్టకు మారినా ఆ అలవాటు కొద్దీ మింగుతూనే ఉంటాడని నేను అప్పటికి గ్రహించలేదు. ఆయనకు ఊపిరికీ నష్టమే, నోటికీ నష్టమే. పట్నం పెద్దాసుపత్రికి నేనే వెంట తీసుకొనిపోయినాను. ఏడాది తిరగకుండానే పోయినాడు.

చివరిసారి చూడబోయినప్పుడు ఆయన నన్ను నిందించలేదు. "సిగరెట్లు బందు జేసిన గదా అయ్యా, మీరు చెప్పినట్టే చుట్టనే తాగిన. మరి గిట్లెందుకైంది?" అని అడిగినాడు. ఆ ప్రశ్నకు నా దగ్గర జవాబు లేకపోయింది. నేటికీ లేదు. వైద్యుని నోట జారిన ఒక్క మాటకు ఎంత బలముంటుందో ఆనాడు తెలిసింది. అందుకే "చేతితో చుట్టినది", "సహజమైనది" అన్న మాటలు ఎవరి నోట విన్నా నాకు ఆ రైతు చెంప కనబడుతుంది.

చట్టం ఏమంటున్నది?

నా తప్పు తెలిసి రావడానికి నాకు తొమ్మిదేండ్లు పట్టింది. మన చట్టానికి అంతకు మూడింతలు పట్టింది. 1975లో వచ్చిన చట్టం సిగరెట్టు పెట్టె మీద మాత్రమే హెచ్చరిక వ్రాయమన్నది. చుట్టకు, బీడీకి, సిగారుకు ఆ నిబంధన లేదు. సిగరెట్టు ఒక్కటే చెడ్డదనీ, చుట్ట పరవాలేదనీ సామాన్యుడు అనుకోవడానికి అది కూడా ఒక కారణం కాదా? 2001 నవంబరులో మురళీ దేవరా వేసిన వ్యాజ్యంలో సుప్రీంకోర్టు బహిరంగ స్థలాలలో ధూమపానాన్ని కట్టడి చేయమని ఆదేశించింది. 2003 చట్టంతో లోపం సరిదిద్దబడింది. దాని అనుబంధంలో సిగరెట్టు, సిగారు, చుట్ట, బీడీ, హుక్కా పొగాకు, నమిలే పొగాకు, ముక్కుపొడుము అన్నీ ఒకే వరుసలో ఉన్నాయి. ఖరీదును బట్టి తరగతులు లేవు. మన చట్టంలో నాకు అన్నిటికంటె నచ్చినది ఈ సమదృష్టియే.

ఆ సమదృష్టిని చెదరగొట్టే ప్రయత్నాలు మనకూ కొత్త కాదు. పెట్టె మీద 85 శాతం భాగం బొమ్మ హెచ్చరిక ఉండాలన్న నియమం 2015 ఏప్రిల్ నుండి రావలసినది. పార్లమెంటరీ సంఘం ఒకటి ఆపమన్నందున ఏడాది వెనుకబడి, 2016 ఏప్రిల్ 1న అమలైంది. సిగరెట్టు కంపెనీలు ఆ నెలలో కర్మాగారాలు మూసి నిరసన తెలిపాయి. 2017 డిసెంబరులో కర్ణాటక హైకోర్టు ఆ నియమాన్ని కొట్టివేస్తే, 2018 జనవరిలో సుప్రీంకోర్టు ఆ తీర్పును నిలిపివేసింది. ఒక బొమ్మ కోసం ఇంత పోరాటం జరిగిందంటే ఆ బొమ్మ పనిచేస్తున్నదనే అర్థం.

ఇక చట్టంలోనే మిగిలిన సందు ఒకటున్నది. 30 గదులున్న హోటలు, 30 మంది కూర్చునే భోజనశాల, విమానాశ్రయం ప్రత్యేకంగా పొగ గదిని ఏర్పరచుకోవచ్చు. టీ కొట్టు ముందు బీడీ ముట్టించిన కూలీకి 200 రూపాయల జరిమానా. పెద్ద హోటలు లోపల మెత్తటి కుర్చీలో సిగారు ముట్టించినవారికి మర్యాద! ఆ గదిలో పళ్ళెం అందించే కుర్రవాని ఊపిరితిత్తులకు మాత్రం గది ఖరీదు తెలియదు. ఈ వెసులుబాటును తొలగించాలని, అమ్మకపు వయసును 21కి పెంచాలని, విడి సిగరెట్ల అమ్మకాన్ని ఆపాలని ప్రతిపాదిస్తూ 2020 చివర కేంద్రం ముసాయిదా సవరణను విడుదల చేసింది. వ్యతిరేకత వెల్లువెత్తింది. మన తెలంగాణ శాసనసభ మాత్రం 2024 ఫిబ్రవరిలో హుక్కా కేంద్రాలను నిషేధించే సవరణను ఆమోదించి మంచి పని చేసింది. హుక్కా గదికి తలుపు మూసిన చట్టం సిగారు గదికి తెరచి ఉంచడంలో ఔచిత్యం నాకు కనబడడం లేదు. మా మండలంలోని మీర్‌ఖాన్‌పేట వైపు కొత్త నగరం లేస్తున్నది. వచ్చే పెద్ద పెద్ద కట్టడాలలో ఇటువంటి గదులు వెలియకముందే ఆలోచించుకోవలసిన విషయమిది.

నేను కోరేది సిగారు మీద ప్రత్యేకమైన కక్ష కాదు. ఒకే న్యాయం. సిగారును పెట్టెలోనుండి తీసి విడిగా అమ్మితే కొనేవాడు హెచ్చరిక బొమ్మను చూడడు. అంగడిలో చుట్టల కట్టను దారంతో కట్టి అమ్మితే ఆ అవ్వ కూడా చూడదు. రెండు చోట్లా చట్టం కంటికి కనబడాలి.

జీవనోపాధి మాట

గోదావరి లంకల రైతులు, నిజామాబాదు, జగిత్యాల ప్రాంతాలలో బీడీలు చుట్టే అక్కచెల్లెళ్ళు ఏమి కావాలి? ఇది న్యాయమైన ప్రశ్న. అయితే ఈ ప్రశ్నను ఎవరు అడుగుతున్నారో చూడాలి. బీడీ చుట్టే ఆమెకు ఒళ్ళునొప్పులు, పొగాకు ధూళితో ఉబ్బసం వచ్చినప్పుడు ఆమె పేరు ఎత్తనివారు, చట్టం రాగానే ఆమెను ముందుంచుతారు. ఆమెకు వేరొక పని నేర్పడం, రైతుకు వేరొక పంటకు గిట్టుబాటు ధర కల్పించడం ప్రభుత్వాల బాధ్యత. అది తీరేవరకు నోరు మూసుకోమంటే, ఆమె భర్త క్యాన్సరుకు ఆమె కూలీయే ఖర్చవుతుంది. పొగాకు వలన ప్రపంచంలో ఏటా 70 లక్షలకు పైగా మరణిస్తున్నారని ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క. అందులో పొగ త్రాగక, పక్కవారి పొగకు బలైనవారు కూడా ఉన్నారు.

మానదలచినవారికి

విమర్శతో ఆగిపోవడం వైద్యుని ధర్మం కాదు. చిరకాలపు చెడు అలవాటును పాదాంశిక క్రమంలో, అనగా నాలుగవ వంతు చొప్పున, మెట్టుకు మెట్టుకు మధ్య కొంత వ్యవధినిస్తూ విడిచిపెట్టమని చరకుడు చెప్పినాడు. రోజుకు ఎనిమిది చుట్టలు త్రాగేవారు ముందు ఆరు, తరువాత నాలుగు, తరువాత రెండు. పూర్తిగా మానే తేదీని ముందే నిర్ణయించుకొని ఇంటివారందరికీ చెప్పాలి. తేదీ లేని తగ్గింపు మళ్ళీ పెరుగుతుంది.

పొగ మీద మనసు పోయినప్పుడు: సన్నగా తరిగిన అల్లం ముక్కలను నిమ్మరసంలో నానబెట్టి, కొద్దిగా సైంధవలవణం చల్లి, నీడన ఆరబెట్టి సీసాలో ఉంచుకోవాలి. ఒక ముక్క చప్పరిస్తే కోరిక తీవ్రత తగ్గుతుంది. కడుపులో పుండ్లున్నవారు దీనికి బదులు సోపు నమలవచ్చు. రక్తపోటు ఉన్నవారు ఉప్పు మానాలి. రక్తపోటు లేనివారు అతిమధురం పుల్ల చిన్నది నమలవచ్చు.

నోటి శుద్ధికి: ఉదయం గోరువెచ్చని నువ్వులనూనెతో గండూషం, రాత్రి త్రిఫలా కషాయంతో పుక్కిలింత. ఇవి నోటిని శుభ్రపరుస్తాయి గాని, పొగ త్రాగుతూ ఇవి చేస్తే రక్షణ కలుగుతుందని భ్రమించరాదు.

నిద్ర పట్టకపోవడం, చిరాకు, మలబద్ధకం మొదటి రెండు మూడు వారాలు బాధిస్తాయి. నువ్వులనూనెతో అభ్యంగనం, నడక, రాత్రి గోరువెచ్చని పాలు మేలు చేస్తాయి. కేంద్ర ప్రభుత్వం వారి ఉచిత ఫోను 1800-11-2356కు చేస్తే మానడానికి సలహా దొరుకుతుంది. ఆధునిక వైద్యులు ఇచ్చే మందులు అవసరమైతే వాడుకోవడంలో తప్పులేదు.

ఒక ముఖ్యమైన హెచ్చరిక. నోటిలో రెండు వారాలకు మానని పుండు, తెల్లని లేక ఎర్రని మచ్చ, మూడు వారాలకు తగ్గని గొంతు బొంగురు, మింగుటలో కష్టం, మెడలో గడ్డ కనబడితే ఇంటి వైద్యం చేస్తూ కూర్చోవద్దు. మా వంటివారి లేహ్యాల కోసం కాలం గడపవద్దు. వెంటనే పెద్దాసుపత్రికి వెళ్ళండి. హైదరాబాదులో ఎం.ఎన్.జె. క్యాన్సరు ఆసుపత్రి ప్రభుత్వానిది.

చివరి మాట

ఆ వృద్ధురాలిని అదే రోజు ఆసుపత్రికి పంపినాను. ముక్క తీసి పరీక్షించారు. వ్యాధి తొలిదశలో ఉన్నది. శస్త్రచికిత్స జరిగింది. మొన్న కొడుకుతో వచ్చి, "నోరు బాగున్నాది బాబూ, సుట్ట మానేసినాను" అని చెప్పి వెళ్ళింది. యువకునికి ఆమె సంగతి చెప్పినాను. తన సిగారుకూ, ఆమె చుట్టకూ సంబంధమేమిటని మొదట చిన్నబుచ్చుకున్నాడు. ఇద్దరి అంగిలి ఒకే మాంసంతో చేసినదని చెబితే కొంతసేపు మాటాడలేదు. తరువాత ఫోనులో తన మానే తేదీ చెప్పినాడు. ఆ తేదీ దాటి నాలుగు నెలలైంది. నోటిపూత మళ్ళీ రాలేదు. ఇకముందు ఎట్లా ఉంటాడో చూడాలి.

తోటి వైద్య సోదరులకు ఒక విన్నపం. రోగి మన దగ్గరికి వచ్చి "ఇది సహజమైనదే కదా, ఇది తక్కువ చెడ్డదే కదా" అని అడిగినప్పుడు, అతని కన్నులలో ఒక ఆశ ఉంటుంది. మనం ఔనంటే చాలు, మిగిలిన జీవితమంతా నిశ్చింతగా కాలుస్తాడు. ఆ ఔను నేను ఒకసారి అన్నాను. మీరు అనకండి.